మామగారి గడ్డం, రోజు విడిచి రోజు

బజారులో అతన్ని అందరూ అరగ్రాము అనేవారు. అతను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేకులమ్మే దుకాణానికి వెళ్ళి, కిలో గుండు అరగ్రాము తక్కువ తూగుతోందని నోటీసు రాసి వచ్చాడు. మేకుల్లో అరగ్రాము తగ్గితే ఊళ్ళో ఏ తలుపూ ఊడిపడదు. అయినా ఆ నోటీసు రాసిన సంతోషం అతనికి పెళ్ళి సంతోషం కంటే ఎక్కువ కాలం నిలిచింది. ఈ మాట అన్నది అతని భార్యే.

ఇంట్లోనూ అదే వరస. పాల ప్యాకెట్టు తక్కెడ ఎక్కి దిగితే గానీ పొయ్యి ఎక్కేది కాదు. గోడకి ఫోటో తగిలించాలంటే మేస్త్రీల దగ్గర రసమట్టం అడిగి తెచ్చేవాడు. అల్మారాలో దుప్పట్లు మడిచిన అంచులు చూస్తే కొత్త నోట్లకట్ట గుర్తొచ్చేది. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కనీసం మధ్యమధ్య విరామం ఇచ్చేవాడని భార్య పుట్టింటివాళ్ళతో చెప్పుకునేది.

అలాంటివాడికి యాభై దాటాక మంగలికత్తి మోజు పట్టింది. ఆఫీసు వీధిలో సెలూన్ నడిపే పెద్దాయన, జనం కత్తి చూసి జడుసుకుంటున్నారని తన పాత మడతకత్తులు తీసేస్తూ ఒకటి ఇతనికి ఇచ్చాడు. తోడుగా పదును తేల్చుకునే తోలుపట్టీ కూడా ఇచ్చాడు. కత్తిని చెంప మీద ఎంత వాలుగా ఆనించాలో, చర్మాన్ని ఎలా బిగలాగి పట్టుకోవాలో, తోలు మీద ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పాలో చూపించాడు. ఇన్‌స్పెక్టరు అంతా విని, ఎన్ని రోజులకోసారి గీసుకుంటే గీత బాగా వస్తుందని అడిగాడు.

"గడ్డం పెరిగినప్పుడు," అన్నాడు పెద్దాయన.

నలభై ఏళ్ళు అదే పని చేసిన మనిషి దగ్గర ఒక అంకె కూడా లేకపోవడం ఇన్‌స్పెక్టరుకి దిగ్భ్రాంతి కలిగించింది. ఆఫీసులో వాకబు చేశాడు. సూపరింటెండెంటు, పెద్దమనిషన్నవాడు పొద్దునా సాయంత్రమూ గీసుకోవాలన్నాడు. ఆయన గడ్డం గీసుకునే ఆనవాళ్ళు వారానికోసారి మాత్రమే కనిపించేవి. స్టోర్సు గుమాస్తా వారానికి మూడుసార్లన్నాడు, ఏ మూడు రోజులో చెప్పలేకపోయాడు. ఇక లాభం లేదని అతను తన ముఖాన్నే తనిఖీకి పెట్టుకున్నాడు.

మొదటి రోజు కత్తి మీద సామే అయింది. గడ్డం కింద రెండుచోట్ల, చెవి పక్కన ఒకచోట, ముక్కు కింద ఒకచోట తెగింది. నాలుగుచోట్లా పేపరు ముక్కలు అంటించుకుని ఆఫీసుకు పోతుంటే దారిలో మేకుల దుకాణదారు చూశాడు. ఇన్నాళ్ళకి అరగ్రాము ఆయన దగ్గరే తగ్గిందని ఆ రోజంతా బజారంతా చెప్పుకున్నాడు.

అయినా మానలేదు. రెండు వారాలు రోజూ గీశాడు. ఆ తరవాత రెండు వారాలు రోజు విడిచి రోజు, మరో రెండు వారాలు మూడు రోజులకోసారి. గీసిన గంటకి చెంప మీద దూదిపింజ రాసి, ఎన్ని పోగులు చిక్కుకున్నాయో లెక్కపెట్టి తనిఖీ ఫారంలో రాసుకున్నాడు. అతని భార్య ఆ ఆరు వారాలూ చుట్టాలెవర్నీ ఇంటికి రానివ్వలేదు.

తేలిందేమిటంటే, రోజూ గీస్తే నాలుగో రోజుకి మెడ మీద ఎర్రటి పొక్కులు లేచాయి. కత్తికి కోయడానికి వెంట్రుక దొరక్క చర్మాన్నే గోకింది. మూడు రోజులు ఆగితే వెంట్రుక ముదిరి కత్తిని పట్టుకు లాగింది. రోజు విడిచి రోజైతే ముందటి గీత మానేందుకు వ్యవధి దొరికింది, వెంట్రుక కూడా తలెత్తి నిలబడి కత్తికి అందింది. దూదిపోగులు అన్నిటికంటే తక్కువ చిక్కిందీ అప్పుడే. ఫలితం పట్టుకుని సెలూన్ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఒక గిరాకీ తలకు నూనె రాస్తూ, "నీ గడ్డం రెండు రోజులకి పెరుగుతుందన్నమాట," అన్నాడు. ఆరు వారాల పరిశోధన మీద అంతకంటే మర్యాదగా నీళ్ళు పోయడం ఎవరికీ చేతకాదు.

ఇదిలా ఉండగా మామగారు స్టూలు మీంచి పడ్డారు.

మామగారు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. అత్తగారితో పక్క వీధిలో ఉండేవారు. డెబ్బై రెండేళ్ళొచ్చినా వీపు వంగలేదు, అభిప్రాయాలూ వంగలేదు. ఆ రోజు కూతురింటికి వచ్చి, హాల్లో ఫోటో వంకరగా ఉందన్నారు. ఆ ఫోటోని రసమట్టం పెట్టి తగిలించానని అల్లుడు వినయంగా చెప్పాడు. అయితే ఆ రసమట్టమే వంకరన్నారు మాస్టారు. సరిచేసి చూపిస్తానని స్టూలు ఎక్కారు. ఫోటో ఉన్నచోటే ఉంది, మాస్టారు మాత్రం కిందికి వచ్చారు. చేతులు ఆన్చుకున్నారు కాబట్టి నడుం దక్కింది, రెండు మణికట్లూ విరిగాయి. వేళ్ళ దాకా కట్టు వేసి, ఆరు వారాల తరవాత తీస్తామన్నాడు డాక్టరు. అత్తగారొక్కదాని వల్లా కాదని, ఆ ఆరు వారాలూ ఇద్దరూ కూతురింట్లోనే ఉండేట్టు నిర్ణయమైంది.

తినిపించడం అత్తగారి వంతు. చొక్కా తొడగడం, జోళ్ళు వేయడం కూతురి వంతు. గడ్డం సంగతి వచ్చేసరికి చిక్కొచ్చింది. మాస్టారు ఇంట్లోవాళ్ళ ఎరుకలో ఒక్కరోజు కూడా గడ్డం గీసుకోకుండా గుమ్మం దాటలేదు. రోజూ బ్లేడుతో గీకి గీకి ఆయన మెడ ఎప్పుడూ ఎర్రగా పొక్కి ఉండేది. దాన్ని ఆయన ఆరోగ్యం అనేవారు. సెలూన్ పెద్దాయన్ని ఇంటికి పిలిపించారు. ఆయన రెండు రోజులు వచ్చాడు. నిలబడే తీరు బాగాలేదనీ, మడమలు కలపాలనీ, నురగ ఎడమ నుంచి కుడికి రాయాలనీ మాస్టారు నేర్పారు. మూడోరోజు కడుపునొప్పి అని కబురొచ్చింది. ఆ నొప్పి ఎన్నాళ్ళుంటుందని అడిగితే, మాస్టారి కట్టు విప్పేదాకా ఉండేట్టుందన్నాడట.

అలా ఆ పని అల్లుడి మీద పడింది. మాస్టారు అతని వైపూ, కత్తి వైపూ మార్చి మార్చి చూసి, "గొంతు దగ్గర జాగ్రత్త, అల్లుడుగారూ. మీకూ నాకూ ఉన్న పాత గొడవలు తరవాత తేల్చుకుందాం," అన్నారు.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఇన్‌స్పెక్టరు మామగారిని ముట్టుకున్నది ఎప్పుడో చేయి కలిపినప్పుడే. ఇప్పుడు ఆ ముఖాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాల్సి వచ్చింది. పెరటి గుమ్మం దగ్గర వెలుతురులో కుర్చీ వేసి, భుజాల మీద తువ్వాలు కప్పి, వేడినీళ్ళ గుడ్డ అద్ది, నురగ పూసి, కత్తి తోలు మీద తిప్పి మొదలుపెట్టేవాడు. మాస్టారు కళ్ళు మూసుకునేవారు గానీ నోరు మూసేవారు కాదు. కత్తి పెదవి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆగి, అది దాటగానే ఆగినచోటి నుంచి అందుకునేవారు. రోజు విడిచి రోజు గీస్తే చర్మానికి మంచిదని అల్లుడు ఫారం తెచ్చి చూపించబోయాడు. మాస్టారు అది బద్ధకస్తుల సిద్ధాంతమని కొట్టిపారేశారు.

పదకొండు రోజులు వరసగా గీశాడు. పదకొండో రోజుకి మాస్టారి మెడ కాలిన పెనంలా అయింది. కాలరు తగిలితే ఉలిక్కిపడుతున్నారు. పటిక రాస్తే పళ్ళు కరుచుకుంటున్నారు. ఒక్కరోజు ఆపుదామని కూతురు బతిమాలింది, అత్తగారు చెప్పి చూసింది. అల్లుడు అంకెలతో సహా వివరించాడు. ఆయన వింటేగా.

ఆ రోజు గీస్తుండగానే ఆయన తనంతట తాను ఒక సంగతి చెప్పారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటి ఉద్యోగమట. ఒకనాడు, ముందురోజే జ్వరం తగ్గి, గడ్డం గీసుకోకుండా బడికి వెళ్ళారట. ఆ రోజే పైఅధికారి తనిఖీకి వచ్చాడు. మైదానంలో రెండొందల మంది పిల్లలు బారులుతీరి ఉండగా, అధికారి ఈయన దగ్గరికి నడిచొచ్చి చెంప మీద వేలితో గీరి, ఆ వేలు పిల్లలకి చూపించి, ఇంటికి పొమ్మన్నాడు. పిల్లలు నవ్వారు. ఈయన మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి గేటు దాటాల్సి వచ్చింది.

"పెద్ద మైదానం అది," అన్నారు మాస్టారు. "అప్పట్నించి ఒక్కరోజు మానలేదు. మా అమ్మ పోయిన పొద్దున కూడా."

ఇన్‌స్పెక్టరు కత్తి తుడిచి మడిచాడు. తనిఖీలకు వెళ్ళి వేలు చూపించే ఉద్యోగమే తనదీ అని అతనికి అంతవరకూ తట్టలేదు.

తరవాత వంటింట్లో భార్యతో, ఈయన్ని ఆపడం మనవల్ల కాదు, రేపు గీస్తే నెత్తురొస్తుంది అన్నాడు. ఆవిడ అతని చేతిలోంచి కత్తి తీసుకుని, విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకవైపు పదును, రెండోవైపు దళసరిగా, నున్నగా, గుండ్రంగా ఉంది.

"రోజు విడిచి రోజు దీంతో గీయండి," అంది ఆవిడ మొద్దువైపు చూపిస్తూ. "నురగ పోతుంది, గడ్డం ఉంటుంది. చేతులకి కట్లున్నాయి, తడిమి చూసుకోలేరు. కళ్ళజోడు లేకపోతే అద్దంలో ఆయనకి ఆయనే కనపడరు. ఉన్నదంతా తెల్ల గడ్డం."

ఇన్‌స్పెక్టరు నిర్ఘాంతపోయాడు. ఇరవై ఏడేళ్ళుగా తక్కెడ పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించేవాళ్ళని, బోలు గుండ్లు వాడేవాళ్ళని, తూచేటప్పుడు చిటికెనవేలు ఆనించేవాళ్ళని పట్టుకుంటూ వచ్చాడు. సొంత ఇంట్లో, సొంత మామగారికి, పూర్తి నురగ పూసి సున్నా గీత గీయమంటోంది భార్య. అది మోసమన్నాడు. రేపు నెత్తురొస్తే దానికి ఏ ఫారం నింపుతారని ఆవిడ అడిగింది. ఇన్‌స్పెక్టరు శాఖ నిబంధనలన్నీ మనసులో తిరగేసి, కత్తి అందుకుని మడిచి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు వేడిగుడ్డ, నురగ, తోలు మీద కత్తి చప్పుడు, అన్నీ యథావిధిగా జరిగాయి. చివర్లో కత్తి తిప్పి పట్టుకుని మొద్దువైపు చెంప మీద నడిపాడు. మాస్టారు అప్పుడు పిల్లల చేత కవాతు చేయించిన ఒక వానాకాలం సంగతి చెబుతున్నారు. ఆ మాటల హోరులో వెంట్రుక తెగే చప్పుడు లేదన్న సంగతి ఆయన చెవికెక్కలేదు. ముఖం కడిగి, క్రీము రాసి తువ్వాలు తీశాక, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఇదీ గీతంటే," అన్నారు. "ఇన్నాళ్ళకి చెయ్యి తిరిగింది మీకు."

పదకొండు రోజులు పంటి బిగువున పదునుకత్తితో కష్టపడ్డప్పుడు రాని మెప్పది. ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు.

మరుసటి రోజు పదునువైపు, ఆ మరుసటి రోజు మొద్దువైపు. వారం తిరిగేసరికి మాస్టారి మెడ ఎరుపు తగ్గింది. రెండు వారాలకి పొక్కులన్నీ మానిపోయి, నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ మెడకి సొంత రంగు వచ్చింది. క్రమశిక్షణగా రోజూ గీయించుకోవడం వల్లే ఇది సాధ్యమైందని ఆయన చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పారు. అత్తగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ రెండో రోజే కూతుర్ని పక్కకి పిలిచి, సరి రోజుల్లోనా బేసి రోజుల్లోనా అని మాత్రం అడిగి తెలుసుకుంది. ఆ తరవాత మొద్దువైపు రోజుల్లో ఎవరైనా పలకరించడానికి వస్తే, మాస్టారు పడుకున్నారని గుమ్మంలోంచే పంపించేసేది.

ఒక్క ఇన్‌స్పెక్టరుకే మనశ్శాంతి లేదు. మామగారి గడ్డం పట్టిన మొదటి రోజు నుంచీ ఏ రోజు ఏ వైపో తనిఖీ ఫారంలో రాశాడు. మామగారు మెచ్చుకున్న రోజులు కూడా రాశాడు. తప్పు చేసేవాడు లెక్క తప్పకుండా చేయాలనేది అతని పద్ధతి. బజారులో ఒక పళ్ళ బండివాడు తక్కెడకి వేలు ఆనించడం కళ్ళారా చూసి కూడా నోటీసు రాయలేక, ఇంకోసారి చేయకు అని చెప్పి వచ్చేశాడు. బండివాడు కంగారుపడి, సారుకి ఒంట్లో బాగాలేదేమోనని నలుగురినీ వాకబు చేశాడు.

కట్టు విప్పే రోజుకి పదునువైపు వంతు పడేట్టు ముందే లెక్క చూసుకున్నాడు. గుట్టుచప్పుడు కాకుండా ఒడ్డెక్కవచ్చు. కానీ డాక్టరు తను సెలవు మీద వెళ్తున్నాననీ, ఎముక బాగానే అతికింది కాబట్టి మూడు రోజులు ముందే, ఆ రోజే విప్పేస్తాననీ కబురు చేశాడు. ఆ పొద్దున మొద్దువైపు గీత అప్పటికే అయిపోయింది. మాస్టారు ఆసుపత్రికి బయల్దేరడానికి జోళ్ళు వేయించుకుంటున్నారు.

ఆసుపత్రిలో కట్టు కోసి తీశారు. కట్టు కింద చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. వేళ్ళు ఆడించి చూపించమన్నాడు డాక్టరు. మాస్టారు ఆడించారు. ఆ తరవాత చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్ళింది.

గరగరమంది.

ఆయన రెండో చెంప తడిమారు. గడ్డం కింద తడిమారు. డాక్టరు మణికట్టుకి వ్యాయామాలు చెబుతూనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గోడ మీద బరువు, ఎత్తు పట్టికని మూడుసార్లు చదివాడు. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ మాస్టారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మనిషి పావుగంట మౌనంగా ఉండటం కూతురి ఎరుకలో అదే మొదలు.

ఇంటికొచ్చి హాల్లో కూర్చుని, ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు.

తనే ఆ సలహా ఇచ్చానని భార్య చెప్పబోయింది. ఇన్‌స్పెక్టరు వద్దని చెయ్యెత్తి ముందుకొచ్చాడు. "ఇరవై ఐదు రోజులు, మామయ్యగారూ. అందులో పదమూడు రోజులు మొద్దువైపు."

"బాగుందని అన్నాను కదా నేను. ఎప్పుడు?"

వేరే అల్లుడెవడైనా ఇక్కడ తల వంచుకుని ఊరుకునేవాడు. ఇతను లోపలికి వెళ్ళి ఫారం తెచ్చాడు. "తొమ్మిదిసార్లు అన్నారండి. రెండుసార్లు పదునువైపు రోజుల్లో, ఏడుసార్లు మొద్దువైపు రోజుల్లో."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారు ఫారం అందుకుని, కళ్ళజోడు పెట్టించుకుని, మొదటి గడి నుంచి చివరి గడిదాకా చదివారు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. పదకొండో రోజు గడి అది. అందులో 'మైదానం సంగతి చెప్పారు' అని మాత్రం రాసి ఉంది. ఆయన ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, సామాను సర్దమని భార్యతో చెప్పారు. ఆ సాయంత్రమే ఇద్దరూ పక్క వీధిలోని తమ ఇంటికి వెళ్ళిపోయారు.

మామగారు ఇక జన్మలో గుమ్మం తొక్కరని ఇన్‌స్పెక్టరు కుమిలిపోయాడు. ఏ వార్తైనా అత్తగారి ఫోను ద్వారానే తెలిసేది. మొదటిరోజు ఆయన తన పాత బ్లేడుతో తనే గీసుకున్నారు. రెండోరోజూ గీసుకున్నారు. మూడోరోజు మణికట్టు పట్టు తప్పి గడ్డం కింద తెగింది. నాలుగోరోజుకి మెడ మళ్ళీ ఎర్రబడింది, కానీ ఈసారి దాన్ని ఆరోగ్యం అనలేదట. ఐదోరోజు అద్దం ముందు చాలాసేపు నిలబడి, బ్లేడు కడిగి గూట్లో పెట్టేశారట. అలా గడ్డంతోనే వెళ్ళి పేపరు తెచ్చుకున్నారనీ, ఎవరూ ఆయన్ని ఇంటికి పొమ్మనలేదనీ అత్తగారు రెండుసార్లు చెప్పింది.

ఆరోరోజు పొద్దున ఇన్‌స్పెక్టరు పెరటి గుమ్మం దగ్గర తన గడ్డానికి నురగ పూసుకుంటుంటే మాస్టారు వచ్చారు. భుజాన తువ్వాలు, రెండు చేతుల్లో రెండు నిండు కూరగాయల సంచులు. సంచులు దించి, కుర్చీ వెలుతురు వైపు లాక్కుని కూర్చున్నారు.

"చేతులకింకా పట్టు రాలేదు," అన్నారు.

ఇన్‌స్పెక్టరు సంచుల వైపు చూశాడు. ఒక్కోటి నాలుగు కిలోలకి తక్కువ ఉండదు. అతని కంటికి ఆ మాత్రం తెలుస్తుంది. నోటిదాకా వచ్చిన అంకెని జీవితంలో మొదటిసారి మింగేసి, వేడినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు. పదునువైపుతో శుభ్రంగా, వెంట్రుక వాలుకి ఒకసారి, అడ్డంగా ఒకసారి గీశాడు. మాస్టారు తడిమి చూసుకుని, ఫరవాలేదన్నారు. మళ్ళీ ఎల్లుండి వస్తానన్నారు.

అప్పటి నుంచి అదే వాడుక అయింది. పార్కులో సాయంత్రం కూర్చునే మాజీ ఉద్యోగుల బృందానికి మాస్టారు ఒక కొత్త సిద్ధాంతం బోధించడం మొదలుపెట్టారు. కత్తి గీతకి రోజు విడిచి రోజే సరైన పద్ధతి. చర్మానికి విశ్రాంతి ఉండాలి, వెంట్రుకకి ఎదుగుదల ఉండాలి. మనిషినీ, గడ్డాన్నీ బట్టి ఇంకో రోజు అటూ ఇటూ కావచ్చు. ఇది ఆయన నలభై ఎనిమిదేళ్ళ అనుభవం మీద కనిపెట్టింది. ఎవరైనా అనుమానపడితే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించేవారు.

ఈ సంగతి సెలూన్ పెద్దాయన చెవిన కూడా పడింది. పార్కు బృందంలో నలుగురు ఇప్పుడు ఆయన దగ్గరికి రోజు విడిచి రోజు వస్తున్నారట. దాంతో ఆయన కడుపునొప్పి పూర్తిగా తగ్గింది.

ఒక పొద్దున మాస్టారు నురగలో ముఖం పెట్టి, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, "నన్నడిగితే అల్లుడుగారూ, రోజూ గీసుకునేవాళ్ళంత తెలివితక్కువవాళ్ళు ఉండరు. మీరూ కాస్త గుర్తుపెట్టుకోండి," అన్నారు.

ఇన్‌స్పెక్టరు కత్తి మామగారి గొంతు మీద ఉంది. "అలాగే, మామయ్యగారూ," అని చర్మం బిగలాగి పట్టుకుని, జాగ్రత్తగా కిందికి గీశాడు.